నాలుగు తొట్లకు ఒక్క ఫిల్టరు చాలునా?

ఇండ్లలో రంగుచేపలను పెంచు ముచ్చట మన పట్టణములలో బాగుగా వ్యాపించినది. మొదట ఒక చిన్న గాజు తొట్టి, అందులో నాలుగు గోల్డుఫిష్‌లు; ఏడాది తిరుగక మునుపే రెండవ తొట్టి, ఆపై మూడవది. గప్పీలు పిల్లలను పెట్టినవని ఒకటి, ఫైటరు చేప తక్కిన వాటితో పొసగదని ఒకటి, ఇంటి చిన్నవాడు మారాము చేసినాడని మరియొకటి. ఇట్లు తొట్లు పెరిగిన ప్రతి ఇంటిలోను ఒకనాడు ఒక ప్రశ్న తలయెత్తును. ఇన్ని ఫిల్టర్లెందుకు, ఇన్ని వైర్లెందుకు? అన్ని తొట్ల నీటిని క్రిందనున్న ఒక సంపులోనికి దింపి, ఒక్క పెద్ద ఫిల్టరుతో శుద్ధిచేసి, ఒక్క పంపుతో మరల అన్నింటికిని పంచరాదా?

ఈ ఏర్పాటును మెచ్చుకొనువారు చాలమంది కలరు. మేము దీనిని పూర్తిగ కాదనము. కాని దీనిని ఎవరికి పడితే వారికి, ముఖ్యముగ చేపపిల్లలను అమ్మి నాలుగు రూకలు సంపాదించుకొను ఇండ్లవారికి, సిఫారసు చేయుట తగదని మా దృఢమైన అభిప్రాయము. కారణములను విన్నవించెదము.

ఫిల్టరనగా మురికిని పట్టు జల్లెడ యని సామాన్యుల భావన. స్పాంజిలో చిక్కిన మలమును, తినగా మిగిలిన మేతను చూచినప్పుడు ఈ భావన కలుగుట సహజమే. అసలైన పని మాత్రము కంటికి కనబడదు. చేప తన మొప్పల ద్వారా ఎడతెగక అమ్మోనియాను విడుచుచుండును. మలము, క్రుళ్లిన మేత మరికొంత చేర్చును. అమ్మోనియా చేపకు విషము. ఆ విషతీవ్రత నీటి స్వభావమును బట్టి మారుచుండుట గమనింపదగిన సంగతి. 25 డిగ్రీల వేడిమిలో, పి.హెచ్. 7 గల నీటిలో మొత్తము అమ్మోనియాలో నూటికి ఒక పాలు కంటె తక్కువయే విషరూపమున నుండును, అదే పి.హెచ్. 8 అయినచో నూటికి అయిదు పాళ్లకు చేరును. క్షారగుణము గల బోరు నీటిని వాడువారు ఈ లెక్కను మరువరాదు.

ఈ అమ్మోనియాను నైట్రైటుగను, నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగను మార్చునవి స్పాంజిమీదను, రాళ్లమీదను జిగురువలె అంటుకొని బ్రదుకు సూక్ష్మజీవులు. నేలలో ఇట్టి మార్పును చేయు బాక్టీరియాలను 1890 ప్రాంతమున వినోగ్రాడ్‌స్కీ అను రష్యా శాస్త్రజ్ఞుడు వేరుపరచి చూపెను. నైట్రైటును మార్చునది నైట్రోబాక్టరు అని మన పాఠ్యగ్రంథములు నేటికిని వల్లెవేయుచున్నవి గాని, మంచినీటి అక్వేరియములలో ఆ పనిని చేయునది నైట్రోస్పైరా జాతియని 1998లోనే తేలినది. ఆ నైట్రోస్పైరాలో కొన్ని అమ్మోనియాను మొదలుకొని నైట్రేటు వరకు మొత్తము పనిని తామే ఒంటరిగ చేయగలవని 2015లో వెల్లడియైనది. క్రొత్త తొట్టిలో ఈ జీవులు తగినంత వృద్ధిపొందుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. క్రొత్తగా తొట్టిని పెట్టినవారి చేపలు మొదటి నెలలోనే చచ్చుటకు ముఖ్యకారణమిదియే; దుకాణదారుని దిష్టియు కాదు, ప్రక్కింటివారి దిష్టియు కాదు.

ఇంత చెప్పిన పిమ్మట ఉమ్మడి ఫిల్టరులోని మేలు వెంటనే బోధపడును. పాతుకొనిపోయిన సంపుకు క్రొత్త తొట్టిని కలిపినచో అది తొలిదినము నుండియే పండిన తొట్టివలె పనిచేయును. నీటి పరిమాణము పెరుగుట రెండవ మేలు. రెండడుగుల పొడవు, ఒక అడుగు వెడల్పు, ఒక అడుగు ఎత్తు గల తొట్టిలో అంచు వరకు నింపక పోయినచో సుమారు 50 లీటర్లు పట్టును. అట్టివి నాలుగు, క్రింది సంపులో 30 లీటర్లు. మొత్తము 230 లీటర్లు. ఒక తొట్టిలో రాత్రివేళ ఒక చేప చచ్చి ఎవరును చూడకుండ క్రుళ్లినదనుకొనుడు. ఒంటరి తొట్టిలో ఆ విషమంతయు 50 లీటర్లలోనే నిలుచును. ఉమ్మడి నీటిలో నాలుగున్నర రెట్లు పలుచబడును. వేడిమియు త్వరగా మారదు. నీటిని మార్చునప్పుడు నాలుగు తొట్లలో చేయి పెట్టనక్కరలేదు, సంపు నుండి తోడి సంపులో పోసిన చాలును.

ఈ తలంపు క్రొత్తదియు కాదు. 1850లో రాబర్టు వారింగ్టను అను ఆంగ్ల రసాయనవేత్త ఒక గాజుపాత్రలో రెండు గోల్డుఫిష్‌లను, నీటిమొక్కలను, నత్తలను కలిపి పెంచి, ఒకదాని విసర్జనము మరియొకదానికి ఆహారమై నీరు నిలకడగా నుండుటను లోకమునకు తెలిపెను. తరువాత పెద్ద ప్రదర్శనశాలల కాలము వచ్చినది. లండనులోని క్రిస్టల్ పాలెస్ అక్వేరియమును 1871లో తెరచినప్పుడు దాని నిర్మాతయైన విలియం ఆల్ఫర్డు లాయిడు, ప్రదర్శనపు తొట్ల క్రింద చీకటిలో, చల్లగా నుండు ఒక మహాజలాశయమును కట్టించి, సముద్రపు నీటిని అందులోనుండి తొట్లకును, తొట్లనుండి అందులోనికిని రేయింబవళ్లు త్రిప్పుచుండెను. ఆ జలాశయము పైతొట్లన్నింటి కంటెను బహురెట్లు పెద్దది. ఇక్కడ పాఠకులు ఒక్క క్షణము ఆగవలెను. లాయిడు పెద్ద జలాశయమును క్రింద పెట్టి చిన్న తొట్లను పైన పెట్టినాడు. మన ఇండ్లలో జరుగునది దీనికి తలక్రిందులు: పైన 200 లీటర్లు, క్రింద 30. లాయిడు పేరు చెప్పి మన ఏర్పాటును సమర్థించుకొనుట చెల్లదు.

ఇక రెండవ వైపు. నీటిని పంచుకొన్న తొట్లు రోగమును కూడ పంచుకొనును. తెల్లమచ్చల జబ్బును ఎరుగని చేపల పెంపకందారుడు ఉండడు. ఇక్తియోఫ్తీరియస్ అను ఏకకణజీవి చేప చర్మము క్రింద చేరి, ఉప్పురవ్వవలె తెల్లగా కనబడి, బలిసిన పిమ్మట రాలి అడుగునకు చేరి, ఒక పొరను కట్టుకొని అందులో విభజన చెందును. ఒక్కొక్క పొరనుండి వందలకొలది పిల్లజీవులు వెలువడి ఈదుచు క్రొత్త చేపను వెదకును. అవి మిల్లీమీటరులో ఇరువదవ వంతుకు మించవు. మన స్పాంజి రంధ్రములు వానికి రాజమార్గములు. సుమారు రెండు దినములలో చేప దొరకనిచో అవి నశించును. ఒంటరి తొట్టిలో ఈ బలహీనత మనకు ఆయుధము: చేపలను తీసివేసి తొట్టిని కొన్నాళ్లు ఖాళీగ నుంచిన రోగము తనంతట అంతరించును. ఉమ్మడి ఏర్పాటులో ఆ ఆయుధమే లేదు. ఒక తొట్టిని ఖాళీ చేసినను పంపు వానిని చేపలున్న మరియొక తొట్టికి మోసికొని పోవును.

మందు విషయము మరింత చిక్కు. ఒక తొట్టిలో జబ్బు వచ్చినచో 50 లీటర్లకు మందు వేయు బదులు 230 లీటర్లకు వేయవలెను. జబ్బు లేని చేపలును ఆ మందును త్రాగవలెను. మిథిలీను బ్లూ వంటి మందులు ఫిల్టరులోని ఉపకార జీవులను కూడ దెబ్బతీయును. రాగి కలిసిన మందు రొయ్యలకును, నత్తలకును మృత్యువు. కల్లుప్పు కొన్ని చేపలకు మేలుచేసినను నీటిమొక్కలకు గిట్టదు. ఇక చేపల క్షయ యని పిలువబడు మైకోబాక్టీరియము వ్యాధికి ఇంటిలో చేయదగిన నమ్మకమైన చికిత్సయే లేదు. 1926లో ఫిలడెల్ఫియా అక్వేరియములోని చేపలనుండి గుర్తింపబడిన ఆ క్రిమి, చేతిమీది గాయము గుండ మనుష్యుని చర్మములోనికి కూడ ప్రవేశించి మొండి పుండ్లను పుట్టించును. చేతికి గీత పడినప్పుడు తొట్టిలో చేయి పెట్టరాదని ఈ సందర్భమున చెప్పక తప్పదు.

మేమెరిగిన ఒక ఇంటిలో అన్నదమ్ములిద్దరు, వారి అక్క కలిసి నాలుగు తొట్లను ఇట్లే కలిపిరి. పి.వి.సి. పైపులు, ట్యాంకు నిపుళ్లు, చెక్కబల్ల క్రింద సంపు; పనితనములో వంక పెట్టుటకు లేదు. ఎనిమిది నెలలు నీరు అద్దమువలె నుండెను. పండుగకు ముందు ఒక దుకాణమునుండి నాలుగు నల్లని మోలీలను తెచ్చి ఆ సాయంకాలమే ఒక తొట్టిలో వదలిరి. మూడవనాడు ఒక మోలీ రాతికి ఒరుసుకొనసాగెను. అయిదవనాటికి దాని ఒంటిమీద ఉప్పు చల్లినట్లయ్యెను. దానిని బక్కెట్టులో వేరుచేసిరి గాని అప్పటికే రోగము నాలుగు తొట్లకును ప్రాకినది. నీలిమందును సంపులో పోసిరి. రోగము కొంత తగ్గెను, ఫిల్టరు చచ్చెను, నీరు పాలవలె తెల్లబారెను. రెండు వారములలో నలుబది పైచిలుకు చేపలలో తొమ్మిది మిగిలినవి.

అందులో ఒక తొట్టి ఆపాది. ఆమె గప్పీలను ఏరి ఏరి పెంచి, తోక పొడుగున ఎర్రని వర్ణము నిండిన ఒక వంశమును నిలిపి, జతలను అమ్మి పరీక్ష ఫీజులు, బస్సు పాసు ఖర్చులు గడుపుకొనుచుండెడిది. తమ్ముడు క్రొత్త జతను కొనితెత్తునన్నప్పుడు ఆమె, "జతను బజారులో కొనగలవు బాబూ, మూడేండ్లు ఏరిన రంగును ఏ బజారులో కొందువు?" అన్నది. గప్పీలకు తరము మారుటకు మూడు నాలుగు నెలలు చాలును. మూడేండ్లనగా దాదాపు పది తరముల శ్రమ. ఇట్టి నష్టమునకు ఎవరును రసీదు వ్రాయరు, ఎవరును పరిహారమియ్యరు.

దీనికి సమాధానముగ అతినీల కాంతి దీపమును పెట్టుకొనవచ్చు గదా యని కొందరు వాదింతురు. ఆ దీపము వృథాయని మేమనము. నీరు దానిప్రక్కగ తగినంత నిదానముగ ప్రవహించినచో అందులోనికి వచ్చిన సూక్ష్మజీవులు చచ్చును. అయితే దీపము తన యొద్దకు వచ్చినదానినే చంపగలదు. చేప చర్మము క్రింద దాగినదానిని, అడుగున పొర కట్టుకొన్నదానిని, దీపమును చేరకముందే ప్రక్కచేపను పట్టుకొన్నదానిని అది ఏమి చేయగలదు? ఇక ఒకే వలను నాలుగు తొట్లలో ముంచువాడు దీపముకొరకు వేలు ఖర్చు పెట్టుట విచిత్రముగ నున్నది.

ఈ విషయమున అందరికంటె ఎక్కువ అనుభవము గలవారు పరిశోధనాలయములవారు. మన దేశపు నీళ్లలో పుట్టినదై, 1822లో హామిల్టను అను పండితుడు గంగానదీ మత్స్యములలో వర్ణించిన చారల చేప, అనగా జీబ్రా చేప, నేడు ప్రపంచపు ప్రయోగశాలలన్నింటిలో నున్నది. అమెరికాలోని ఆరెగాను విశ్వవిద్యాలయమున స్ట్రైసింగరు 1981లో ప్రకటించిన పరిశోధనతో దానికి ప్రాముఖ్యము వచ్చినది. మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి. సంస్థలోను దానిపై పరిశోధనలు జరుగుచున్నవి. ఇట్టి చోట్ల సాధారణముగ బీరువా అరలవంటి చట్రములలో వరుసలు వరుసలుగ చిన్న తొట్లను పేర్చి, ఒకే నీటిని వడగట్టి, అతినీల కాంతికి చూపి త్రిప్పుదురు. ఉమ్మడి ఫిల్టరుకు ఇంతకంటె గొప్ప ఉదాహరణము లేదని ఆ పక్షమువారు చెప్పుదురు. నిజమే. కాని ఆ జాగ్రత్తగల ప్రయోగశాలలు బయటనుండి వచ్చిన పెద్దచేపను ఆ నీటిలో వేయవు. దానిని వేరు గదిలో, వేరు నీటిలో నుంచి, అది పెట్టిన గ్రుడ్లను క్లోరిను ద్రావకములో కడిగి, ఆ గ్రుడ్లనుండి పుట్టిన పిల్లలనే లోనికి చేర్చును. అక్కడనున్నది ఒకే జాతి చేప, ఒకే వేడిమి, జీతము తీసికొని కాపలా కాయు మనుష్యులు. మన వరండాలో గోల్డుఫిష్, మోలీ, నియాను టెట్రా మూడును ఒకే నీటిని త్రాగుచుండును. గోల్డుఫిష్‌కు చల్లని నీరు కావలెను. మోలీకి గట్టి నీరు, క్షారగుణము కావలెను. టెట్రాకు మెత్తని, ఇంచుక పుల్లని నీరు హితవు. ఒక్క సంపు ముగ్గురికి మూడు విధముల నీటినీయజాలదు. ఎవరో ఒకరు సర్దుకొనవలెను, సర్దుకొనలేనిది తేలిపోవును.

కరెంటు సంగతి కూడ చూడుడు. ఖర్చు తగ్గునను ప్రచారము నిలువదు. నీటిని క్రిందినుండి నాలుగడుగుల ఎత్తుకు ఎక్కింపవలసి యున్నది. డబ్బాపై ముద్రించిన వేగము ఆ ఎత్తులో సగమునకు పడిపోవుట మామూలు. 30 వాట్ల పంపు రేయింబవళ్లు తిరిగిన నెలకు 21 యూనిట్లు దాటును. అంతకంటె ముఖ్యము కరెంటు పోయినప్పటి సంగతి. పంపు ఆగగానే పైతొట్ల నీరు పొర్లుగొట్టపు మట్టము వరకు క్రిందికి దిగును. మనము చెప్పుకొన్న తొట్టిలో ఒక సెంటీమీటరు ఎత్తు నీరనగా 1.86 లీటర్లు. నాలుగు తొట్లలో మూడేసి సెంటీమీటర్లు దిగినచో 22 లీటర్లు. సంపులో అంత చోటును ఎల్లప్పుడు ఖాళీగ నుంచనివాని ఇంట కరెంటు పోయిన ప్రతిసారియు తివాచీ తడియును. నీటిని ఎక్కించు గొట్టము కొస నీటిలో మునిగియున్నచో అదియు సైఫనుగ మారి వెనుకకు లాగును; ఉపరితలమునకు ఇంచుక క్రిందుగ దానికి సన్నని రంధ్రము వేసిన గాలి చొరబడి సైఫను తెగును. గాజుకు రంధ్రము వేయుటకు జంకి తొట్టికిని తొట్టికిని యు ఆకారపు గొట్టములు వ్రేలవేయువారిని చూచినచో మాకు భయము కలుగును. ఆ గొట్టములో ఒక గాలిబుడగ నిలిచిన చాలును, ఒక తొట్టి ఎండును, మరియొకటి పొర్లును.

ఇంత విన్న పిమ్మటను ఉమ్మడిగనే పెట్టెదమనువారు కనీసము ఒక నియమమును పాటింపవలెనని మా మనవి. ఒక తొట్టి నీరు రెండవదానిలోనికి, రెండవదాని నీరు మూడవదానిలోనికి పోవునట్లు గొలుసుగ కట్టరాదు. ప్రతి తొట్టి మురికినీరు నేరుగా సంపునకు దిగవలెను, శుద్ధమైన నీరు ప్రతి తొట్టికి వేరుగొట్టమున రావలెను, ఒక్కొక్క గొట్టమునకు ఒక్కొక్క వాల్వు ఉండవలెను. అప్పుడు అనుమానము కలిగిన తొట్టినైనను మూసివేయవచ్చును. మూసిన తొట్టిలో ఊపిరికి ఒక గాలి పంపును సిద్ధముగ నుంచుకొనవలెను.

తక్కువ ఖర్చులో పెంచువారికి, అమ్ముకొనువారికి మేము చెప్పు మార్గము వేరు. గాలిని పంచుకొనుడు, నీటిని పంచుకొనకుడు. ఒక్క 5 వాట్ల గాలి పంపునకు నాలుగు నోళ్ల కుళాయిని తగిలించి, నాలుగు తొట్లలో నాలుగు స్పాంజి ఫిల్టర్లను నడుపవచ్చును. నెలకు నాలుగు యూనిట్లు కూడ కావు. స్పాంజిలో మురికిని పట్టు పనియు, సూక్ష్మజీవుల కాపురమును రెండును జరుగును. చిన్నపిల్లలను అది లోనికి లాగదు. పంపును నీటిమట్టము కంటె ఎత్తున పెట్టవలెను, లేదా గొట్టమునకు వెనుకకు రానీయని వాల్వును బిగింపవలెను. లేనిచో కరెంటు పోయినప్పుడు నీరు గొట్టములో ఎదురెక్కి పంపును పాడుచేయును. వారమునకొకసారి స్పాంజిని ఆయా తొట్టినుండి తీసిన నీటిలోనే పిసికి కడుగవలెను. కుళాయి నీటి క్రింద కడిగినచో అందులోని క్లోరిను ఉపకార జీవులను చంపును. చూపునకు ఇది అందగించదని, మూలన నల్లని స్పాంజి కనబడునని ఇంటివారు సణుగుదురు. సణుగనీయుడు.

2020లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన మత్స్య సంపద యోజనలో రంగుచేపల పెరటి పెంపక కేంద్రములకును, నీటిని మరల మరల త్రిప్పి వాడు పద్ధతులకును సబ్సిడీ నిబంధనలు చేర్చిరి. అట్టి సహాయముతో పెరటిలో తొట్లు పెట్టదలచిన అక్కలు, తల్లులు మన పేటలలోను కలరు. వారికి నేర్పువారు మెరయు గొట్టములను, పెద్ద సంపును చూపకముందు మూతగల ఒక ప్లాస్టికు టబ్బును చూపవలెను. క్రొత్తగ కొన్న చేపలు ఆ టబ్బులో, తమ స్వంత స్పాంజితో, నాలుగు వారములుండవలెను. దానికి వేరు వల, వేరు మగ్గు, వేరు తువాలు. ఆ టబ్బును ఏ గొట్టముతోను, ఎవరు చెప్పినను, దేనికిని కలుపరాదు.